బట్వాడా కూలి ఎవరియ్యవలెను?

మన తెలుగున బట్వాడా యను మాట రెండు చోట్ల వినబడును. ఉత్తరమును ఇంటింటికి జేర్చుట బట్వాడా. జీతములు పంచియిచ్చుటయు బట్వాడాయే. ఈ రెంటి నడుమ పుట్టిన వ్యాజ్యముల చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము. సరకు చేరవలసిన చోటికి చేరును. దానిని మోసినవాని కూలి మాత్రము త్రోవలో ఎవరి చేతనో నిలిచిపోవును. ఆ చేయి ఎవరిది? న్యాయస్థానములు నూటయేబదియేండ్లకు పైగా విచారించుచున్న ప్రశ్న యిదే.

కురిచేడు పెద్దలకు ఈ సంగతి బొత్తిగా క్రొత్త కాదు. వినుకొండకును దొనకొండకును నడుమ, గుంటూరు గుంతకల్లు రైలుమార్గముపై నున్న ఊరు గదా! 19వ శతాబ్దము చివర ఆ మార్గము పడినది. రైలు వెళ్లిన చోటికెల్ల రెండు తెగలవారు వత్తురు: మోయువారు, మోయించుటకు గుత్త పుచ్చుకొనువారు. కంపెనీ గుత్తదారును ఎరుగును. గుత్తదారు మేస్త్రీని ఎరుగును. మేస్త్రీ కూలివానిని ఎరుగును. కూలివాడు మేస్త్రీని తప్ప మఱెవ్వరిని ఎరుగడు. డబ్బు పైనుండి క్రిందికి దిగవలెను, లెక్క క్రిందినుండి పైకి పోవలెను. రెండును నడుమ తప్పిపోవుట సులభము.

ఈ చిక్కు బొంబాయి వైపున ఘోరముగా బయటపడెను. 1859లో భోర్ ఘాటున కొండ తొలిచి రైలుదారి వేయుచుండగా, జీతములందని కూలీలు గుత్తదారు మనుష్యులపై తిరుగబడిరి. అందుమీదట 1860లో, రైల్వే మొదలగు పనులలోని జీతపు తగవులను మేజిస్ట్రేటు త్వరగా తీర్చుటకు 9వ చట్టము పుట్టెను. అంతకు ముందటి యేట పుట్టిన 13వ చట్టము చూడుడు: బయానా పుచ్చుకొని పనికి రాని కూలివాడు మేజిస్ట్రేటు ఉత్తరువునకు లోబడనిచో మూడు నెలల వరకు కఠిన శిక్ష. బాకీపడిన వర్తకుని సివిలు కోర్టునకు పొమ్మన్న కాలముననే కూలివాని బాకీకి చెఱసాల చూపిరి. ఈ తూకము నాకెన్నడును సరియైనదిగా తోపలేదు. ఆ చట్టము 1926లో గాని తొలగలేదు.

1936 నాటి జీతముల చెల్లింపు చట్టము ఒక మంచి మెట్టు. జీతకాలము నెలకు మించరాదు. వేయిమందికి తక్కువ యున్న చోట గడువు తీరిన ఏడవ దినము లోపల చెల్లింపవలసియుండెను. రైల్వే గుత్తదారుల క్రింద పనిచేయువారు సైతము అందు చేరిరి. 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టము ఇంకను ముందుకు పోయినది: గుత్తదారు కూలి ఎగవేసినచో అసలు యజమాని చెల్లించి, పిమ్మట గుత్తదారు నుండి రాబట్టుకొనవలెను. అనగా మోసినవాడు మేస్త్రీ వెంట తిరుగనక్కరలేదు. వ్రాతలో నిది గట్టిదే. కాని తాను ఎవరి పని చేయుచున్నాడో చూపుట కూలివానికే భారమయ్యెను.

రైల్వే పార్సెలు మోతగాండ్రు అది చూపిరి. స్టేషనులలో ఏండ్ల తరబడి అదే పని, అదే ప్లాటుఫారము. గుత్తదారులు మాత్రము మాఱుచుందురు. 1995లో సుప్రీంకోర్టు, పని నిత్యమైనది గనుక అర్హులైన వారిని రైల్వే శాశ్వతముగా చేర్చుకొనవలెనని ఆదేశించెను. అయితే 2001లో ఉక్కు సంస్థ వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తులు, కంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రమున కూలీలు తమంత తామే యజమాని ఉద్యోగులు కారనిరి. గుత్త ఒట్టి బూటకమని తేలిననే అట్లగును.

మఱియొక తీర్పు మన ఆంధ్రప్రదేశ్ దర్జీలది. వారు ఇష్టమైనప్పుడు వత్తురు, పోదురు, కుట్టినంతకే కూలి, కొందరు బట్ట ఇంటికి గొనిపోయి కుట్టుదురు. వీరు నా పనివారు కారని దుకాణదారు వాదము. కుట్టు బాగులేనిచో త్రిప్పియిచ్చి మరల కుట్టించు అధికారము అతనికి గలదు గనుక వారు అతని పనివారేయని 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

నేడు సెల్ ఫోను పిలుపునకు మోటారుసైకిలుపై పొట్లము చేర్చు పిల్లవాని గూర్చి కంపెనీలు చెప్పునది ఆ దుకాణదారు మాటయే. ఇచ్ఛ వచ్చినప్పుడు ఫోను తెరచును, మూయును, కావున భాగస్వామి యందురు. ధర నిర్ణయించునది, పని ఆపివేయునది ఎవరో మాత్రము చెప్పరు! అమెరికాలోని కాలిఫోర్నియాలో డైనమెక్స్ అను బట్వాడా కంపెనీ 2004లో తన బండివారి నందరిని ఒక్క కలము పోటుతో స్వతంత్ర గుత్తదారులుగా మార్చెను. 2018లో అచ్చటి పెద్దకోర్టు, స్వతంత్రులని రుజువు చేయు భారము కంపెనీదే యనెను. మన దేశమున 2021లో యాప్ కార్మికుల సమాఖ్య సుప్రీంకోర్టు తలుపు తట్టెను.

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందు గిగ్ కార్మికుడు యజమాని ఉద్యోగి సంబంధమునకు వెలుపలివాడని వ్రాసిరి. కంపెనీలు తమ వార్షిక వ్యాపారమున నూటికి ఒకటి మొదలు రెండు వరకు నిధికి చెల్లింపవలెను. ఆ నిధి ప్రమాదమునకు, ఆరోగ్యమునకు, వార్ధక్యమునకు. ఒక్క పొట్లము చేర్చినందుకు కూలి యెంతయను లెక్క అందు లేదు.