రోమునగరపు ప్రాఁత కళాశాలాభవనము

విద్యార్థులకై భవనములు గట్టించు పోషకులు తమ యనంతరము వాని గతి యేమని యడుగుచుందురు. అట్టివారికై యొక భవనచరిత్రము నిట విన్నవించుచున్నాము.

ఇగ్నేషియస్ లొయోలా 1551లో రోమునగరమున నొక యద్దెయింటఁ బాఠశాలను నెలకొల్పి, వ్యాకరణము, సాహిత్యము, క్రైస్తవధర్మము రుసుము లేక నేర్పఁబడునని వాకిటఁ బలక గట్టించెను. బడిపంతులమైన మాకా పలకయే యీ చరిత్రమునకు మంగళశ్లోకముగాఁ దోఁచును. పదుమూఁడవ గ్రెగరీ పోపు ప్రాపున మహాభవనము 1582లో నారంభమై 1584లో దెఱవఁబడెను. అందలి గణితాచార్యుఁడు క్లావియస్ 1582 నాఁటి పంచాంగసంస్కరణమునఁ బ్రముఖుఁడు. మనము నేఁడు వ్రాయు తేదీ లా సంస్కరణఫలమే. చీనాదేశమున కేఁగిన మాటియో రిచ్చి యాతని శిష్యుఁడు.

1773లో జెసూయిట్ సంఘము రద్దగుటయు, 1824లో భవనము మరల వారిఁ జేరుటయుఁ జెప్పి విడుతము. 1870లో నిటలీసేనలు రోమును బట్టుకొనఁగా భవనము ప్రభుత్వపరమయ్యెను. ఆచార్యులు క్రమముగా వెడలిపోవలసివచ్చెను. అందే విస్కాంతి పేరిట సర్కారు పాఠశాల వెలసెను. 1876లో జాతీయగ్రంథాలయ మచటనే తెఱవఁబడి, జెసూయిట్ల గ్రంథము లందుఁ జేరెను.

చేరువ చర్చికప్పుపై నాఁడు వేధశాల యుండెను. నక్షత్రకాంతిని వర్ణపటమునఁ బరీక్షించి తారలను దెగలుగా విభజించిన సెక్కి యను జెసూయిట్ పండితుఁ డందుండెను. ప్రభుత్వము వారాయనను గదలింపలేదు. 1878లో మరణించువఱకు నాయన యచటనే యుండెను. భవనము మాఱినను బండితుని మన్నించిన యీ మర్యాద మాకు మిక్కిలి నచ్చినది.

1975లో గ్రంథాలయము వేఱుచోటికిఁ దరలెను. నేఁడు భవనమునఁ గొంతభాగము సంస్కృతిమంత్రిత్వశాఖ కార్యాలయము. విస్కాంతి పాఠశాల మాత్రము కదలలేదు. పిల్ల లిప్పటికి నా గోడలనడుమ లాటిను వ్యాకరణము నేర్చుచున్నారు.