చెన్నపురి సంగీత సభలు - తెనుగు కృతుల పాఠము

ఏటేట డిసెంబరు నడుమనుండి జనవరి మొదటివరకు చెన్నపురియందు జరుగు సంగీతోత్సవములు లోకప్రసిద్ధములు. ఉదయము విద్వద్గోష్ఠులు, మధ్యాహ్నము యువగాయకుల గానము, సాయంకాలము ప్రసిద్ధ విద్వాంసుల కచేరీలు పెక్కు సభలలో నొక్కమారే సాగుచుండును. అచ్చట వినవచ్చు కృతులలో మిక్కిలి భాగము తెనుగున నున్నది. వినువారిలో పెక్కురకు తెనుగు మాతృభాష గాదు. ఈ వైచిత్ర్య మెట్లు కలిగెను? దీనివలన మన సాహిత్యమునకు వచ్చిన లాభనష్టములెవ్వి? ఈ రెంటిని విచారింతము.

తంజావూరు నాయకరాజులును, వారి పిదప మహారాష్ట్ర ప్రభువులును తెనుగు కవులను, గాయకులను పోషించిరి. కావున ద్రావిడదేశమున సంగీతభాష తెనుగయ్యెను. 1855లో ఆంగ్లేయ కంపెనీవారు ఆ సంస్థానమును కలుపుకొనగా ఆస్థానపోషణ సన్నగిల్లెను. విద్వాంసులు క్రమముగా చెన్నపట్టణము చేరిరి. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు రాజు స్థానమున సభ నిలిచెను. పూర్వము ఒక ప్రభువు మెచ్చిన చాలును. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ప్రతివాడును పోషకుడే.

1927 డిసెంబరులో చెన్నపురి కాంగ్రెసు మహాసభతోపాటు అఖిలభారత సంగీత సమ్మేళనము జరిగెను. దాని ఫలముగా 1928 ఆగస్టు 18వ తేదీన మద్రాసు మ్యూజిక్ అకాడమీ ప్రారంభింపబడెను; 1930లో దాని పత్రిక వెలువడెను. నేటి కచేరీ క్రమమును అరియక్కుడి రామానుజయ్యంగారు (1890-1967) కుదిర్చెనని ప్రసిద్ధి. పూర్వము పల్లవియే కాలమునంతయు నాక్రమించెడిది. ఈ క్రమమున వర్ణము పిమ్మట పెక్కు కృతులు, ఆపై రాగతానపల్లవులు, తుదకు చిన్న పాటలు వచ్చును. పల్లవికి సాహిత్య మొక పంక్తి చాలును. కృతికి చరణములన్నియు వలయును. కావున కచేరీలో మాట విలువ పెరిగెను.

విలువ పెరిగినకొలది వివాదమును పెరిగెను. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయమున తమిళసంగీతోద్యమము తలయెత్తెను. 1943లో చెన్నపురిని తమిళ్ ఇశై సంఘ మేర్పడెను. తమకర్థమగు పాటలు తమకు కావలెనని శ్రోతలు కోరుట న్యాయమే. దీనిని తెనుగుపై ద్వేషముగా నెంచుట తగదు. మనము చింతింపవలసినది తమిళకృతుల వృద్ధిని గూర్చి కాదు, తెనుగుకృతుల పాఠశుద్ధిని గూర్చి.

తమిళలిపియందు క-గలకు, త-దలకు, ప-బలకు వేర్వేరు వర్ణములు లేవు, ఒత్తక్షరములును లేవు. "ఫలము", "బలము" అను రెండు మాటలును ఆ లిపిలో నొక్కతీరుననే యుండును. కొందరు ప్రకాశకులు అక్షరముల కంకెలు చేర్చి భేదము చూపిరిగాని, అందరు నట్లు చేయలేదు. తాళమునకై పదమును నడుమ విరుచుట మరియొక చిక్కు. విరిచినచోట అర్థముతోడి సంబంధము తెగును. తెగినచోట శిష్యుడు తనకు తోచిన మాటను పూరించును. గురుముఖమున నేర్చిన విద్యయు నిట్లు రెండు తరములలో మారిపోవచ్చును. ఈ తప్పు ఒక్క తమిళులదే యనరాదు. తెనుగు గాయకులలోను అర్థము విచారింపక పాడువారు గలరు.

దిద్దుకొనుటకు సాధనములు లేకపోలేదు. సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" 1904లో ఎట్టయాపురమున తెనుగులిపిలోనే అచ్చయ్యెను. త్యాగరాజస్వామి (1767-1847) శిష్యుడగు వాలాజాపేట వేంకటరమణ భాగవతులవారి పరంపరలోని వ్రాతప్రతులు గలవు. తచ్చూరు సింగరాచార్య సోదరుల గ్రంథములును తెనుగువే.

ఈ పనికి ఆదర్శము చూపినది బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952). ముద్దుపళని రచించిన "రాధికాసాంత్వనము" ముద్రితప్రతిలో పద్యములు లోపించుట గమనించి, వ్రాతప్రతితో సరిచూచి, 1910లో సంపూర్ణముగా ప్రకటించెను. ప్రభుత్వము దానిని నిషేధించినను ఆమె పాఠము నిలిచెను. ఆమెయే తిరువయ్యారున త్యాగరాజ సమాధిమందిరము కట్టించెను. గాయనియు గ్రంథపరిష్కర్తయు నొక్కరే యగుట మనకు పాఠము. అట్టి వంశముల స్త్రీలు సంగీతమును కాపాడియు సభాగౌరవమునకు చిరకాలము నోచుకొనలేదు. సంగీత కళానిధి బిరుదము ఒక స్త్రీకి, ఎం. ఎస్. సుబ్బులక్ష్మికి, లభించుటకు 1968 వరకు వేచియుండవలసివచ్చెను.

కావ్యములకు పాఠాంతరములు చూపి పరిష్కరించు మనము, ప్రతిదినము వేలమంది వినుచున్న కృతులను గాలికి వదలుట యుక్తముగాదు. ప్రాచీన ప్రతులన్నింటిని సమకూర్చి, పాఠభేదములను అడుగున చూపి, పదవిభాగముతోను ప్రతిపదార్థముతోను ప్రకటింపవలెను. ఈ పని సంగీతజ్ఞుడొక్కనివలన కాదు, పండితునొక్కనివలనను కాదు. ఇరువురును కలసి పూనినగాని, సభలో చప్పట్లు పొందిన పాటలోని మాట కవి పలికిన మాటయే యని మనము నిశ్చయముగా చెప్పజాలము.