ఆనికట్: మన కృష్ణ మీద కట్టిన ఇంగ్లిష్ మాట

బెజవాడలో ప్రకాశం బ్యారేజీ మీద సెల్ఫీ దిగనివాళ్లు ఉండరు కదా. అంతకుముందు అక్కడ ఏముండేదో తెలుసా? ఇంగ్లిష్ రికార్డుల్లో దాని పేరు 'ఆనికట్'.

ఈ మాట వెతకడం మొదలెడితే నాకు చుక్కలు కనిపించాయి. ఒకచోట స్పెల్లింగ్‌లో ఒక ఎన్, ఇంకోచోట రెండు, మరోచోట 'అణైకట్'. ఒక్క అక్షరం తేడా వస్తే సెర్చ్‌లో సగం చరిత్ర మాయం!

ఎందుకిలా? ఎందుకంటే ఇది అసలు ఇంగ్లిష్ మాటే కాదు. తమిళంలో 'అణైక్కట్టు', మనకి 'ఆనకట్ట'. కావేరి మీద కల్లణైని చూసిన బ్రిటిష్ వాళ్లు ఆ మాటని చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. అప్పటి ఇంగ్లిష్ వాళ్ల ఇండియన్ మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్‌లో, 1886లోనే, దీనికి చోటు దొరికింది.

ఆ కావేరి డెల్టాలో పనిచేసిన ఆర్థర్ కాటన్, తర్వాత మన గోదావరికి వచ్చాడు. 1832-33 కరువులో గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. పక్కనే కృష్ణ సముద్రంలోకి పోతున్నా పొలానికి చుక్క నీరు లేదు. 1852లో ధవళేశ్వరం పూర్తయింది, అదే ఏడాది బెజవాడలో పని మొదలైంది. కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855కి ఆనకట్ట లేచింది.

ఇప్పుడు అసలు పాయింట్. డ్యామ్ అంటే నీళ్లు నిల్వ చేసేది. ఆనికట్ నీటిమట్టం పెంచి కాలువలకు మళ్లిస్తుంది. మిగిలిన నీరు దాని మీదుగానే పొర్లిపోతుంది. బ్యారేజీకైతే గేట్లుంటాయి. ఎంత వదలాలో మనం చెప్పొచ్చు. ఆనికట్‌కి ఆ అవకాశం లేదు, వరదంతా దాని నెత్తి మీదే. 1952లో అది తెగింది. అందుకే 1957కల్లా 70 గేట్లతో బ్యారేజీ వచ్చింది, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం గారి పేరుతో.

2024 సెప్టెంబర్ గుర్తుందా? 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. ఆ రాత్రి ఊరంతా అడిగింది ఒక్కటే: గేట్లు బాగున్నాయా?

ఆనికట్‌కీ బ్యారేజీకీ తేడా డిక్షనరీలో ఒక్క లైనే. డెల్టాలో మాత్రం ఆ లైను మీదే పంటా, ఊరూ ఉన్నాయి. మీ తాతగారు దాన్ని ఏమని పిలిచేవారు? ఇంట్లో అడిగి, కామెంట్‌లో రాయండి. ఏ స్పెల్లింగైనా పర్లేదు!