ఎడ్ల మీద మోసిన గింజ, పెరట్లో దాచిన విత్తనం

ఈరోజు తండా అంటే మనకు ఊరు. దేవరకొండ గుట్టల కింద, కల్వకుర్తి, అచ్చంపేట చెల్కల నడుమ మన ఇళ్లున్న చోటు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు గ్రామ పంచాయతీలు కూడా అయ్యాయి. ఒకప్పుడు మాత్రం తండా అంటే నడిచే బిడారు. 1632లో ఉత్తర భారతంలో ప్రయాణిస్తున్న పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వర్తకుడికి ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎడ్లున్నాయని, అన్నిటి మీదా ధాన్యమే ఉందని అతను రాసుకున్నాడు. భార్యాపిల్లలు, ఇంటి సామాను అంతా బిడారుతోనే కదిలేవని కూడా రాశాడు.

గింజను మోయడం మన పెద్దల వృత్తి. దక్కనులో మొఘల్ సైన్యాలకు, ఆ తర్వాత నిజాం, ఇంగ్లీషు సైన్యాలకు ధాన్యం చేరవేసిన వాళ్లలో మనవాళ్లే ముఖ్యులు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వృత్తి కూలిపోయింది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు నడిచింది. ఎడ్లు వారాల తరబడి మోసే సరుకు రెండు మూడు రోజుల్లో చేరసాగింది. బిడారులు ఒక్కొక్కటే ఆగాయి. బరువు మోసిన ఎడ్లు నాగలికి వచ్చాయి. మన తండాలకు ఎక్కువగా దక్కింది చెరువు కింది పొలం కాదు, వాన మీద ఆధారపడ్డ ఎర్ర చెల్క, గుట్ట వార, రాళ్ల భూమి.

ఆ నేలలో ఆముదం, జొన్న, సజ్జ, కంది కలిపి వేశారు. ఇంటి చుట్టూ మాత్రం ఆడవాళ్ల వ్యవసాయం నడిచింది. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే కంచె వెంట బీర, కాకర, గుడిసె మీదికి సొర, పందిరికి చిక్కుడు, పెంటకుప్ప పక్కన గుమ్మడి పెట్టేవారు. ఇల్లు కడిగిన నీళ్లే వాటికి తడి. బీర, సొర వానాకాలంలో కూరకు వచ్చేవి. చిక్కుడు చలి మొదలయ్యాకే పూస్తుంది కాబట్టి వానలు వెనక్కి పోయాక పిల్లల కంచంలోకి వచ్చేది. ఒక పెరడు నాలుగైదు నెలలు ఇంటిని ఆదుకునేది.

విత్తనం దాచడంలో వాళ్లకు లెక్కలున్నాయి. మొదట కాసిన మంచి కాయను కోయకుండా తీగ మీదే వదిలేయాలి. బీర, సొర ఎండి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. చేదు తగిలిన సొరకాయను తినకూడదు, విత్తనానికీ ఉంచకూడదు. గింజను బాగా ఎండబెట్టి, బూడిదలో కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి గుడ్డ కట్టాలి. పొయ్యి పొగ తగిలే చోట వేలాడదీస్తే పురుగు పట్టదు.

మన పండుగల్లోనూ గింజ ఉంది. సీత్లా పండుగకు గింజలు నానబెట్టి గుగ్గిళ్లు వండి నైవేద్యం పెడతాం. శ్రావణంలో తీజ్ వస్తే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి, గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. మొలక పచ్చగా, ఒత్తుగా వస్తే పంట బాగుంటుందని పెద్దలు చెబుతారు. గింజ సత్తువను మొలకతో పరీక్షించడం వ్యవసాయంలో పాత పని. ఆ పనిని మన సమాజం ఆడపిల్లల చేతికిచ్చి పండుగ చేసింది.

మరి పెరటి విత్తనం ఎందుకు పోయింది? బద్ధకం వల్ల మాత్రం కాదు. కరువు, అప్పులు మన కుటుంబాలను వలస పంపాయి. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల్లో మన తండాల వాళ్లూ ఉన్నారు. దసరా, దీపావళి దాటాక ఇంటికి తాళం పడేది, మళ్లీ వానలకు ముందు తీసేవారు. చిక్కుడు ఎండి గింజ అయ్యేది సరిగ్గా ఆ నెలల్లోనే. చేతి నిండా గింజ కోసే మనిషి ఇంట్లో లేకపోతే మేకలు తిన్నాయి, మిగిలింది రాలిపోయింది. ముసలివాళ్లు ఆగిన ఇళ్లలోనే విత్తనం నిలిచింది. ఒక్క ఏడాది తప్పితే ఆ ఇంటి రకం పోయినట్టే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చెల్కల్లోనూ పత్తి పెరిగింది. పత్తి విత్తనం ఏటా కొనాల్సిందే. కొనే అలవాటు చేను నుంచి పెరట్లోకీ వచ్చింది. ప్యాకెట్‌లో వచ్చే హైబ్రిడ్ కాయ బాగానే కాస్తుంది కానీ, దాని గింజ దాచి వేస్తే తల్లి లాంటి కాయ రాదు.

పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్న వాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తన నిధులు పెట్టుకున్నాయి. విత్తనం అప్పుగా తీసుకున్నవారు పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగిస్తారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చట్టం కూడా మన వైపే ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001 ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. ఈ సెలవుల్లో తండాలోని అవ్వల దగ్గర కూర్చోండి. ఏ ఇంట్లో ఏ చిక్కుడు, ఏ సొర గింజ మిగిలిందో, ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో అవ్వ పేరుతో సహా నోట్‌బుక్‌లో రాయండి. గుప్పెడు గింజలు అడిగి తెచ్చి, మృగశిరకు మీ ఇంటి కంచె వెంట పెట్టండి. నీళ్లు పోసే పని ఇంట్లో చిన్నవాళ్లకు ఇవ్వండి. మొదటి మంచి కాయను తీగ మీదే వదలండి. గింజ ఎండాక సగం మీరు దాచుకుని, సగం ఇంకో ఇంటికి ఇవ్వండి. ఒక ఇంటికి తాళం పడినా ఇంకో ఇంట్లో విత్తనం బతికుంటుంది.