కండరంలో మండేది ఏది?

మీరు మైదానం చుట్టూ పరుగెత్తుతున్నారు. మీ కాళ్ళ కండరాల్లో మండుతున్నది చక్కెరా, కొవ్వా? కండరాన్ని కోసి చూడకుండా తెలుసుకోవటం సాధ్యమేనా?

కండరం పనిచేస్తే మాంసకృత్తులే ఖర్చవుతాయని జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ బోధించేవాడు. 1865లో ఫిక్, విస్లిసెనస్ అనే ఇద్దరు మాంసకృత్తులు లేని ఆహారం తిని స్విట్జర్లండ్‌లోని ఫౌల్‌హార్న్ కొండ ఎక్కారు. వారి మూత్రంలోని నత్రజనిని లెక్కగడితే, ఖర్చయిన మాంసకృత్తుల శక్తి ఆ ఎక్కుడుకు చాలదని తేలింది. ఇక మిగిలినవి పిండిపదార్థాలూ, కొవ్వూ. కొవ్వు ముందుగా చక్కెరగా మారితేగాని కండరానికి పనికిరాదని ఫ్రాన్సులో షోవో వాదించాడు. జర్మనీలో జుంట్జ్ ఒప్పుకోలేదు.

ఈ తగవు తీర్చింది ఊపిరి! చక్కెర మండితే ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో అంతే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నిష్పత్తి 1. కొవ్వు అణువులో ఆక్సిజన్ బహు తక్కువ. అందుచేత బయటినుంచి ఎక్కువ కావాలి. నిష్పత్తి సుమారు 0.7కు దిగుతుంది. అంటే, వదిలే గాలే లోపలి పొయ్యి గుట్టు చెబుతుందన్నమాట.

1920లో డెన్మార్క్‌కు చెందిన క్రోగ్, లిండ్‌హార్డ్ కొందరికి కొన్నాళ్ళు కొవ్వు తిండి, కొన్నాళ్ళు పిండి తిండి పెట్టి, మూసిన గదిలో సైకిలు తొక్కించారు. షోవో మాటే నిజమైతే కొవ్వుతో చేసే పనిలో 30 శాతం దాకా శక్తి వృథా కావాలి. అయింది సుమారు 11 శాతమే. కండరం రెండింటినీ వాడుకుంటుంది, తిండిని బట్టి పాళ్ళు మారతాయి! కొవ్వు తిన్న రోజుల్లో మాత్రం వాళ్ళు త్వరగా అలసిపోయారు. ఎంత త్వరగానో 1939లో క్రిస్టెన్సెన్, హాన్సెన్ కొలిచారు: కొవ్వు తిండితో సుమారు గంటన్నర తొక్కగలిగినవారు పిండి తిండితో దాదాపు 4 గంటలు తొక్కారు.

ఎందుకు? 1966లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ ఒకే సైకిలును చెరొక కాలితో తొక్కి, సూదితో తమ తొడ కండరాల ముక్కలే తీసుకున్నారు (ఎంత ధైర్యం!). తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు తింటే, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ తొక్కని కాలికంటే రెట్టింపయింది. కండరాల్లో దాచుకున్న చక్కెర ఇదే. ఇది అయిపోతే కాళ్ళు మొరాయిస్తాయి.

మరుసటి ఏడాది అమెరికాలో హాలోజీ ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించాడు. వాటి కండరాల్లో మైటోకాండ్రియాల దహనశక్తి ఇంచుమించు రెట్టింపయింది. సాధన చేసిన కండరం అదే వేగంలో కొవ్వును ఎక్కువగా మండించి, గ్లైకోజెన్‌ను పొదుపు చేసుకుంటుంది.

మెల్లగా నడిస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందని మీరు వినే ఉంటారు. అక్కడ ఎక్కువయ్యేది కొవ్వు వాటా. మొత్తం ఎంత ఖర్చయిందన్నది వేరే లెక్క. అలాగే నెయ్యి, నూనెలు దండిగా తిన్నవాడి ఊపిరి 0.7 వైపు దిగవచ్చుగాని, అప్పుడు కాలేది చాలావరకు అతను తిన్న కొవ్వే, పొట్ట మీదిది కాదు.