వాడిన సూది ఎచ్చటికి పోవును?

మందును చర్మము క్రిందికి పంపు బోలు సూదికి ఇంకను రెండువందల ఏండ్లు నిండలేదు. 1844లో డబ్లిన్ నగర వైద్యుడు ఫ్రాన్సిస్ రిండ్, ముఖమున తీవ్రమైన నరముల పోటుతో బాధపడుచున్న ఒక స్త్రీకి మార్ఫియా ద్రవమును సన్నని గొట్టము ద్వారా చర్మము క్రిందికి దించెను. దానికి ముషలకము లేదు. ద్రవము తన బరువుచేతనే దిగెను. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులోని లియోన్‌లో చార్లెస్ ప్రావాజ్, వేరువేరుగా పనిచేయుచు, సూదికి సిరంజిని జతపరచిరి. 1894లో పారిస్ నగరమున లూయర్ పేర పూర్తిగా గాజుతో చేసిన సిరంజి వెలువడుటతో, దానిని మరిగించి శుభ్రపరచుట సులభమైనది. అంతవరకును సూది వైద్యుని సంచిలోని వస్తువే గాని గృహస్థుని గూటిలోని వస్తువు కాదు.

దానిని ఇంటికి తెచ్చినది ఇన్సులిన్. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమము నుండి ఈ పదార్థమును రాబట్టిరి. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి తొలి ఇంజెక్షను ఇచ్చిరి. ఆ మందు శుద్ధమైనది కాకపోవుటచే ఫలితము స్వల్పము. కాలిప్ అను రసాయనవేత్త శుద్ధిచేసిన మందుతో అదే నెల 23న మరల ప్రారంభించిన పిమ్మట బాలుడు కోలుకొనసాగెను. ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. మ్రింగినచో పప్పులోని మాంసకృత్తువలెనే జీర్ణమైపోవును. కనుక సూది తప్పదు. అదియు ఒకనాటితో తీరునది కాదు. దినమునకు రెండు మూడు మారులు డాక్టరు ఇంటికి రాలేడు గదా! బోస్టన్‌లో ఎలియట్ జాస్లిన్ రోగులకే సూది వేసికొనుట నేర్పించెను. 1924లో బెక్టన్ డికిన్సన్ కంపెనీ ఇన్సులిన్‌కై ప్రత్యేకముగా ఒక సిరంజిని తయారుచేసెను.

ఆ కాలపు ఇంటి సూది ఒక విధముగా ఆస్తి. గాజు సిరంజిని, ఉక్కు సూదిని ప్రతిదినము నీటిలో మరిగించవలెను. సూది రంధ్రము పూడిపోకుండ అందులో సన్నని తీగ నుంచెడివారు. మొన మొద్దుబారినచో సానరాతిపై నూరి, దూదిపై నుండి లాగి చూచెడివారు. దూదిపోగు తగులుకొన్నచో మొన ఇంకను సరికాలేదని అర్థము. ఒక్క సూది నెలల తరబడి పనిచేసెడిది. పారవేయుటయే అరుదు గనుక, ఎచ్చట పారవేయవలెనను ప్రశ్న ఎవరికిని తట్టలేదు.

అప్పటి అపాయము మరియొక చోట నుండెను. సరిగా మరగని సూది ఒకరి రక్తములోని క్రిమిని మరియొకరికి అందించును. 1926లో స్వీడన్‌లోని లుండ్ ఆసుపత్రి మధుమేహ విభాగమున రోగులకు వరుసగా కామెర్లు సోకినవి. రక్తపరీక్షకై పొడుచు పరికరమును అందరికి వాడుటయే కారణమని అచ్చటి వైద్యులు అనుమానించిరి. ఆ క్రిమి ఏదో అప్పటికి తెలియదు. 1965లో బారూక్ బ్లంబర్గ్ రక్తమున ఒక కొత్త ప్రతిజనకమును గుర్తించెను. అది హెపటైటిస్-బి వైరసుకు చెందినదని కొలదికాలమునకే తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఈ అపాయమునకు కనుగొన్న విరుగుడు, వాడి పారవేయు సూది. 1954లో అమెరికాలో పోలియో టీకా పరీక్షలకు ఒకసారి వాడి విడుచు గాజు సిరంజిలు తయారైనవి. 1956లో న్యూజిలాండ్ ఔషధ విక్రేత కాలిన్ మర్డాక్ ప్లాస్టిక్ సిరంజికి పేటెంటు పొందెను. 1985లో ఇన్సులిన్ పెన్ను వెలువడెను. మన దేశమున ఎయిడ్స్ వైరసు 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సాలమన్ బృందము జరిపిన పరీక్షలలో బయటపడిన తరువాత, కొత్త సూదినే వాడవలెనను పట్టుదల ప్రజలలో బలపడినది. ఈ పట్టుదల ఎన్నో ప్రాణములను కాపాడినదనుటలో సందేహము లేదు. అయితే అపాయము పూర్తిగా పోలేదు. అది చేయి మారినది. గాజు సూది కాలమున భయపడవలసినవాడు సూది వేయించుకొనువాడు. ఇప్పుడు భయపడవలసినవాడు చెత్త ఎత్తువాడు.

ఉయ్యూరునే తీసికొందము. చెరకునకు, చక్కెర ఫ్యాక్టరీకి పేరుపొందిన ఊరు. (షుగరు వ్యాధికి ఆ ఫ్యాక్టరీని నిందించుట న్యాయము కాదు, వ్యాధి కారణములు వేరు.) ఇటువంటి డెల్టా పట్టణమున దినమునకు రెండుమారులు కొత్త సూదితో ఇన్సులిన్ తీసికొను మనిషి ఏటికి 730 సూదులు విడుచును. అటువంటివారు నూరుగురున్నచో, లెక్కకు 73,000 సూదులు! పెన్ను సూది పొడవు 4 మిల్లీమీటర్లు, లావు మిల్లీమీటరులో నాలుగవ వంతుకును తక్కువ. అది కూరగాయల తొక్కుల నడుమ కనిపించదు. తెల్లవారుజామున బండిలో చెత్త వేసికొను పారిశుద్ధ్య కార్మికుని వ్రేలికే అది తెలియును. గుడ్డ చేతితొడుగు సూదిని ఆపలేదు.

రోగి రక్తమంటిన సూది గ్రుచ్చుకొన్నచో, టీకా వేయించుకొననివారికి హెపటైటిస్-బి సోకు అవకాశము నూటికి 6 నుండి 30 వరకు ఉండును, హెపటైటిస్-సి నూటికి సుమారు 2, హెచ్.ఐ.వి. వేయికి 3. ఇవి ఆసుపత్రులలో అప్పుడే వాడిన సూదులను బట్టి వచ్చిన అంకెలు. చర్మము క్రింద మాత్రమే దిగు ఇన్సులిన్ సూదికి అంటు రక్తము బహుస్వల్పము గనుక భీతిల్లవలసినది లేదు. కాని హెపటైటిస్-బి వైరసు శరీరము వెలుపల కనీసము ఏడు దినములు బ్రతికియుండగలదు. గ్రుచ్చుకొన్న సూది ఎవరిదో కార్మికునికి తెలియదు. ఆ తెలియనితనమే అతనిని నెలల తరబడి నిద్రపోనీయదు. గ్రుచ్చుకొన్నచో ఆ చోటును పిండరాదు. సబ్బుతో, ధారగా పారు నీటితో కడుగవలెను. వెంటనే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. హెచ్.ఐ.వి. రాకుండ ఇచ్చు మందును, అవసరమని డాక్టరు తలచినచో, వీలైనంతవరకు 2 గంటలలో, ఎట్లయినను 72 గంటలలోపల మొదలుపెట్టి 28 దినములు వాడవలెను.

ఆసుపత్రుల విషయమున తెలుగువారి చరిత్ర చెప్పుకొనదగినదే. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ దేశీయమైన హెపటైటిస్-బి టీకాను విడుదల చేసెను. అంతవరకు విదేశీ టీకా ధర సామాన్యునికి అందుబాటులో లేదు. 2000 తరువాతి తొలి ఏండ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, పాత్ అను సంస్థ తోడ్పాటుతో, ఆ టీకాను పిల్లల కార్యక్రమమున చేర్చెను. ఆ కార్యక్రమముతోనే ఒకసారి వాడగనే బిగిసిపోవు సిరంజిలు, సూదిని త్రుంచు పరికరములు ఆరోగ్య కేంద్రములకు అలవాటైనవి. జీవవైద్య వ్యర్థముల నిబంధనలు 1998లో వచ్చి, 2016లో మారినవి. వాటి ప్రకారము ఆసుపత్రి సూది, గ్రుచ్చుకొనని తెల్లని పెట్టెలో పడవలెను.

మరి ఇంటి సూది? 2016 ఘనవ్యర్థ నిబంధనలు దానిని గృహ ప్రమాదకర వ్యర్థములలో చేర్చి, వేరుగా ఉంచి అప్పగించవలెననినవి. అనగా చట్టము ఇంటి సూదిని గుర్తించినది. కాని ఆసుపత్రికి పెట్టె ఉన్నది, దానికై వచ్చు బండి ఉన్నది. ఇంటివాని చేతిలో సాధారణముగా పాలిథిన్ సంచి తప్ప మరేమియు లేదు. సూదితోపాటు వాడు విధానపత్రము మందు ఎట్లు ఎక్కించవలెనో బొమ్మలతో చూపును. ఆ తరువాతి సంగతి చిన్న అక్షరములలో ఒక మూల నుండును.

పెట్టె కొనవలసిన పని లేదు. బట్టలుతుకు ద్రవపు సీసావంటి దళసరి ప్లాస్టిక్ డబ్బా, మరమూత గలది, చాలును. పలుచని నీళ్ల సీసా పనికిరాదు. నొక్కినచో సూది బయటికి వచ్చును. వాడిన క్షణముననే సూదిని అందులో వేయవలెను. నాలుగింట మూడువంతులు నిండగనే మూత బిగించి, టేపు చుట్టి, "వాడిన సూదులు" అని తెలుగున వ్రాయవలెను. చెత్తతో కాల్చుట వ్యర్థము: ప్లాస్టిక్ మాత్రము పొగయై పోవును, తుప్పుపట్టని ఉక్కు కరగుటకు సుమారు 1,400 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను, బూడిదలో సూది సూదిగానే మిగులును. కాలువలో వేసినచో వరిచేలలో ఉత్తకాళ్లతో దిగువారి పాదములకు చేరవచ్చును.

మూసిన డబ్బాను తీసికొనుటకు ఒప్పుకొన్న ఆసుపత్రికి గాని, ప్రమాదకర చెత్తను వేరుగా తీసికొను పురపాలక బండికి గాని ఇయ్యవలెను. అచ్చటి నుండి అది వ్యర్థ చికిత్సా కేంద్రమునకు చేరినచో, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడికి లోనై, ముక్కలై, సిమెంటు గుంటలోనో ఇనుము కరగించు కొలిమిలోనో తన ప్రయాణమును ముగించును.