విమానం ఆచూకీ దొరకనప్పుడు పుట్టే ఊహాగానాలు

గాలిలో ఉన్న విమానంతోనో హెలికాప్టర్‌తోనో సంబంధాలు తెగిపోయాక, అది దొరికేలోగా జనంలో రకరకాల కథనాలు పుడతాయి. ఒక్కోసారి అది దొరికాక కూడా ఆగవు. ఈ వ్యాసం వాటి చరిత్ర. తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. 2009లో ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైన రోజు, 2016లో విశాఖపట్నం ఉద్యోగులతో బయలుదేరిన వాయుసేన విమానం బంగాళాఖాతంలో మాయమైన రోజు ఇక్కడి జనానికి బాగా గుర్తు.

ఇలాంటి కథనాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదట పుట్టేవి ఆశతో పుడతాయి: ఎక్కడో దిగే ఉంటారు, క్షేమంగానే ఉన్నారట, ఫోన్ మోగిందట. మరణం ఖాయమయ్యాక పుట్టేవి అనుమానంతో పుడతాయి: ఎవరో చేయించారు, ఏదో దాస్తున్నారు. రెండూ ఒకే దుఃఖంలోంచి వస్తాయి కనుక, నమ్మినవాళ్లను అమాయకులని కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే రెండో రకం ఇతరుల ప్రాణాలకూ ఆస్తులకూ ముప్పు తేగలదని మన రాష్ట్రమే చూసింది.

తొలినాటి ఉదాహరణలు

1937లో పసిఫిక్ మహాసముద్రం మీద మాయమైన అమెరికన్ వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్ గురించి నేటికీ కొత్త సిద్ధాంతాలు వస్తూనే ఉన్నాయి. మన దేశంలో ఇంత దీర్ఘాయువు ఉన్న కథ నేతాజీ సుభాష్ చంద్రబోస్‌ది. 1945 ఆగస్టు 18న తైవాన్‌లోని తైహోకులో జపాన్ సైనిక విమానం కూలి ఆయన మరణించారన్న వార్తను లక్షలాదిమంది ఒప్పుకోలేకపోయారు. సాధువు వేషంలో ఉన్నారని, రష్యాలో ఉన్నారని తరాలపాటు చెప్పుకున్నారు. 1956లో షానవాజ్ కమిటీ, 1970లలో ఖోస్లా కమిషన్ ప్రమాదాన్నే ధ్రువీకరించాయి. 2005లో ముఖర్జీ కమిషన్ దానితో విభేదించింది, ప్రభుత్వం ఆ నివేదికను అంగీకరించలేదు. నేతాజీ పటం గోడకు పెట్టుకున్న ఇళ్లలో ఆయన తిరిగి వస్తారన్న నమ్మకం చాలాకాలం బతికింది. అది అభిమానానికి మరో రూపం.

ప్రయాణికుల విమానాల్లో ‘స్టార్‌డస్ట్’ కథ చెప్పుకోదగింది. 1947 ఆగస్టు 2న బ్యూనస్ ఏరీస్ నుంచి శాంటియాగో వెళ్తూ, పదకొండు మందితో అది ఆండీస్ పర్వతాల్లో అదృశ్యమైంది. చివరి మోర్స్ సందేశంలో ‘స్టెండెక్’ అనే అర్థం కాని పదం ఉండటంతో విద్రోహం మొదలుకొని గ్రహాంతరవాసుల వరకు అన్నీ తెరమీదికి వచ్చాయి. యాభై ఏళ్ల తర్వాత, 1998లో, టుపుంగాటో పర్వతం దగ్గర హిమానీనదం దాని ఇంజన్‌ను బయటపెట్టింది. బలమైన ఎదురుగాలి వల్ల విమానం అనుకున్నంత ముందుకు సాగలేదు. పర్వతాలు దాటేశామనుకుని సిబ్బంది కిందికి దించి ఉంటారని పరిశోధకులు తేల్చారు. ప్రమాదంలో రహస్యం ఏదీ లేదు. గాలి లెక్క తెలియకపోవడమే కారణం.

కృష్ణా డెల్టాలో 2002 మార్చి 3న జరిగిన ప్రమాదం మరోలాంటిది. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్ వెళ్తున్న హెలికాప్టర్ కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, అంగరక్షకుడు మరణించారు. రాష్ట్రమంతా దుఃఖించింది. కానీ ప్రమాదం ఊరి పక్కనే జరగడంతో రోజంతా వెతకాల్సిన పని పడలేదు. ఏం జరిగిందో తెలియని వ్యవధే లేకపోతే ఆశాకథలకు చోటు దొరకదని ఆ సంఘటన చెబుతుంది.

2009 సెప్టెంబరు 2

ఆ బుధవారం ఉదయం 8.38కి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. అక్కడ రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టాలి. ఆయనతో ముఖ్య కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ప్రధాన భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు ఎస్.కె. భాటియా, ఎం.ఎస్. రెడ్డి ఉన్నారు. తొమ్మిదిన్నర ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి.

ఆ రోజు విజయవాడలోనైనా మైలవరంలోనైనా ఊరంతా టీవీల ముందే ఉంది. మొదటి గంటల్లో వచ్చినవన్నీ ఆశ కబుర్లు. హెలికాప్టర్ సురక్షితంగా దిగిందని, ముఖ్యమంత్రి రోడ్డు మార్గాన వెళ్తున్నారని వార్తలు వచ్చాయి. మధ్యాహ్నానికి అవి నిలవలేదు. అప్పుడు నల్లమల పేరు వినబడింది. ఒకప్పుడు మావోయిస్టులకు పట్టున్న అడవి కనుక అపహరించారేమోనన్న భయం మొదలైంది. రాత్రయ్యేసరికి గుళ్లలో, మసీదుల్లో, చర్చిల్లో ప్రార్థనలు.

గాలింపు దేశంలో అంతకు ముందు ఎరగనంత పెద్ద ఎత్తున సాగింది. వేలమంది కేంద్ర బలగాలు, వాయుసేన హెలికాప్టర్లు, రాత్రిపూట వేడిని పసిగట్టే పరికరాలతో సుఖోయ్ విమానం, ఇస్రో రాడార్ ఉపగ్రహం, అడవి తెలిసిన చెంచులు అందరూ అందులో ఉన్నారు. మర్నాడు ఉదయం వాయుసేన హెలికాప్టర్‌కు కర్నూలు జిల్లా రుద్రకొండ ప్రాంతంలో, పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అయిదుగురూ మరణించారు.

తర్వాత ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని సాంకేతిక కమిటీ చెప్పినదాన్ని బట్టి హెలికాప్టర్ ఉదయం 9 గంటల 27 నిమిషాలు దాటాక, ఆ నిమిషం పూర్తికాకముందే కూలిపోయింది. అంటే రాష్ట్రం తిండీ నిద్రా మాని ఎదురుచూసిన ఆ దాదాపు ఇరవైనాలుగు గంటలూ జరగాల్సింది జరిగిపోయాకే గడిచాయి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఒత్తిడి తగ్గినట్టు హెచ్చరిక వెలగడంతో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా అత్యవసర సూచనల పుస్తకంలో పరిష్కారం వెతికారని కమిటీ గుర్తించింది. ఈలోగా హెలికాప్టర్ ఉరుముల మేఘంలో చిక్కుకుంది. బలంగా కిందికి తోసే గాలికి అదుపు తప్పి కొండను ఢీకొంది.

ఆ రోజుల్లో గుండె ఆగో, ఆత్మహత్య చేసుకునో చనిపోయినవారు వందల్లో ఉన్నారని పత్రికలు రాశాయి. ఇంతటి దుఃఖం నాలుగు నెలల తర్వాత కోపంగా మారడానికి ఒక వార్త చాలింది. 2010 జనవరి 7న కొన్ని తెలుగు చానళ్లు, ఒక వెబ్‌సైట్ రాతను ఆధారం చేసుకుని, ప్రమాదం వెనుక ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ కుట్ర ఉందన్న ఆరోపణను ప్రసారం చేశాయి. గంటల్లోనే రాష్ట్రంలో పలుచోట్ల ఆ సంస్థ దుకాణాల మీద, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. పోలీసులు కేసులు పెట్టి పాత్రికేయులను అరెస్టు చేశారు. కుట్ర కోణాన్ని పరిశీలించిన సీబీఐకి విద్రోహం జరిగిన ఆధారమేదీ దొరకలేదు. ఆ రాత్రి రాళ్లు పడిన దుకాణాల్లో పని చేసేవాళ్లలో మన పిల్లలే ఎక్కువమంది. ప్రసారం చేసేముందు ఆ వెబ్‌సైట్ ఎలాంటిదో ఒక్కసారి ఆరా తీసి ఉంటే సరిపోయేది.

ఎం.హెచ్. 370

2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు 239 మందితో బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం అదృశ్యం కావడంతో ఈ ఊహాగానాలు ప్రపంచవ్యాప్తమయ్యాయి. ప్రయాణికుల్లో అయిదుగురు భారతీయులు. భారత నౌకాదళం, తీరరక్షక దళం అండమాన్ సముద్రంలో గాలింపులో పాల్గొన్నాయి.

మొదటి వారమంతా గాలింపు ఒకచోట, విమానం వెళ్లిన దిక్కు మరొకచోట. అది దారి మళ్లి పడమటికి వెళ్లినట్టు మలేషియా సైనిక రాడార్‌లో నమోదైంది. ఆ మాట స్పష్టంగా బయటికి రావడానికి రోజులు పట్టింది. ఆ ఖాళీని ఊహలే నింపాయి. దొంగ పాస్‌పోర్టులతో ఎక్కిన ఇద్దరు ఇరానీయులను చూసి ఉగ్రవాదమన్నారు. వాళ్లకు అలాంటి సంబంధాలు కనబడలేదని ఇంటర్‌పోల్ చెప్పింది. ఎక్కడో దీవిలో దింపేశారన్నారు. కెప్టెన్ మీద వేలు చూపారు. ఉపగ్రహ చిత్రాల్లో శకలాలు వెతికేందుకు లక్షలమంది సామాన్యులు ఇళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఊహతో పాటు సాయపడాలన్న తపన కూడా ఉంటుందనడానికి ఇది సాక్ష్యం.

చివరికి దారి చూపింది ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహానికీ విమానానికీ మధ్య గంటకోసారి నడిచిన చిన్న సంకేతాల లెక్క. దాన్ని బట్టి విమానం దక్షిణ హిందూ మహాసముద్రంలో ముగిసిందని మార్చి 24న మలేషియా ప్రకటించింది. కొందరు బంధువులకు ఆ కబురు సెల్‌ఫోన్ సందేశంగా చేరింది. ఇంతకన్నా కఠినంగా ఎలా చెప్పగలరో ఊహించడం కష్టం. 2015 జులైలో రీయూనియన్ దీవికి రెక్క భాగం ఒకటి కొట్టుకొచ్చింది. 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భం వెతికి 2017 జనవరిలో గాలింపు ఆపారు. కారణం తేల్చలేకపోయామని 2018 నివేదిక ఒప్పుకుంది.

ఫోన్ మోగడం

ఇటీవలి ఇలాంటి సంఘటనల్లో బంధువులు చెప్పే మాట ఒకటుంది: ‘ఫోన్ చేస్తే రింగవుతోంది, ఎత్తడం లేదు.’ ఎం.హెచ్. 370 ప్రయాణికుల బంధువులు చెప్పారు. రెండేళ్ల తర్వాత బంగాళాఖాతంలో మాయమైన మన వాయుసేన విమానం ఎ.ఎన్. 32 బాధితుల కుటుంబాల్లోనూ అదే మాట వినిపించింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే విన్నారు. కానీ మనం ఫోన్ చేసినప్పుడు వినిపించే రింగు అవతలి ఫోన్ నుంచి రాదు. అది నెట్‌వర్క్ మన చెవికి వినిపించే శబ్దం. అవతలి ఫోన్ ఎక్కడుందో వెతికే కొద్ది సెకన్లలో కూడా ఆ శబ్దం రావచ్చు. ఫోన్ దొరక్కపోతే కాల్ తెగిపోతుంది. ఈ వివరణ ఆ కుటుంబాలకు మొదటి రోజే, ఎవరైనా ఎదురుగా కూర్చుని, ఓపికగా చెప్పాల్సింది.

బంగాళాఖాతంలో ఎ.ఎన్. 32

2016 జులై 22 ఉదయం చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన రవాణా విమానంలో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఉద్యోగపు పని మీద వెళ్తున్న మామూలు ప్రయాణమది. విమానం 23,000 అడుగుల ఎత్తు నుంచి వేగంగా పడిపోతూ రాడార్ నుంచి మాయమైంది.

నౌకలు, విమానాలు, జలాంతర్గామితో వారాల తరబడి వెతికినా ఒక్క శకలం దొరకలేదు. విద్రోహానికి అవకాశం చాలా తక్కువని రక్షణ మంత్రి మనోహర్ పారికర్ పార్లమెంటులో చెప్పారు. సెప్టెంబరులో అందరూ మరణించినట్టు భావిస్తున్నామని వాయుసేన కుటుంబాలకు తెలిపింది. భౌతికకాయం లేదు, శకలం లేదు, ‘భావిస్తున్నాం’ అన్న ఒక్క మాట ఉంది. ఆ మాట మీద దినకర్మలు ఎలా చేయడం? ఏదో దీవికి చేరి ఉంటారన్న ఆశను వదులుకోలేని కుటుంబాలను ఎవరు తప్పుపట్టగలరు?

ఏడున్నరేళ్లకు, 2024 జనవరి 12న, రక్షణ శాఖ ప్రకటన వచ్చింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనాన్ని దించింది. అది తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటో తీసింది. ఆ ప్రాంతంలో కూలిన విమానం మరొకటి నమోదై లేదు కనుక అవి ఆ ఎ.ఎన్. 32వే కావచ్చని భావించారు.

నిబంధనల్లో మార్పులు

భూమి మీది రాడార్ సముద్రంలో కొంతదూరమే చూడగలదు. అవతల విమానం తన ఉనికిని తానే చెప్పుకోవాలి. ఎం.హెచ్. 370 తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన తెచ్చింది. 2018 నవంబరు నుంచి పెద్ద ప్రయాణికుల విమానాలు సముద్రాల మీద పదిహేను నిమిషాలకోసారైనా తామెక్కడున్నాయో తెలపాలి. కొత్తగా తయారయ్యే విమానాలైతే ప్రమాదంలో పడినప్పుడు నిమిషానికోసారి వాటంతట అవే సంకేతం పంపాలి. బ్లాక్‌బాక్స్‌కు అమర్చే నీటి అడుగు సంకేత పరికరం బ్యాటరీ ఆయుష్షును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచారు.

దర్యాప్తు సంస్థలు ముప్పై రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలన్నది మరో అంతర్జాతీయ నియమం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలినప్పుడు దేశ ప్రమాద దర్యాప్తు సంస్థ ఆ గడువులోనే, జులై 12న, నివేదిక విడుదల చేసింది. ఇంధన స్విచ్‌ల గురించి అందులో ఉన్న రెండు మూడు వాక్యాల మీదే పైలట్లను నిందించే చర్చలు చెలరేగాయి. తుది నివేదిక వచ్చేదాకా తొందరపడి నిర్ణయాలకు రావద్దని పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కోరాల్సి వచ్చింది.